జేడ్ డ్రాగన్ కొనేముందు: ఏ రాయి, ఏ డ్రాగన్, ఎవరికి ఏది నప్పుతుంది

గ్వాంగ్‌జౌలో హువాలిన్ గుడి చుట్టూ ఉన్న జేడ్ వీధికి వెళ్లినా, హాంకాంగ్‌లో యౌ మా తే జేడ్ మార్కెట్‌కి వెళ్లినా ఎదురయ్యే ఇబ్బంది ఒక్కటే. ఒకే ట్రేలో మూడు డ్రాగన్ లాకెట్లు ఉంటాయి. మూడూ నున్నగా, చల్లగా, చూడముచ్చటగా ఉంటాయి. ఒకటి హోటల్లో భోజనం ఖరీదు. రెండోది మంచి సెల్‌ఫోన్ ఖరీదు. మూడోదాని ధర వింటే నోట మాట రాదు. అమ్మేవాళ్లు మూడింటినీ జేడ్ అనే అంటారు. చైనాలో అది పెద్ద అబద్ధం కూడా కాదు, అక్కడ ఆ పేరు కింద చాలా రాళ్లే చెల్లుబాటవుతాయి.

వ్యాపారం పని మీద చైనా వెళ్లొచ్చే మనవాళ్లు, సింగపూర్, హాంకాంగ్‌లలో స్థిరపడినవాళ్లు, 2024 డ్రాగన్ సంవత్సరంలో పుట్టిన పిల్లలకి గుర్తుగా ఏదైనా కొనాలనుకునేవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డబ్బు రాయికి పెట్టండి, అంతకన్నా ఎక్కువగా పనితనానికి పెట్టండి. ‘ఇది రాజుల కాలం నాటిది సార్’ అనే కథకి మాత్రం పైసా పెట్టకండి.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదట తేల్చుకోవాల్సింది ఎందుకు కొంటున్నాం అని. రోజూ మెడలో వేసుకోవడానికా, హాల్లో షోకేస్‌లో పెట్టడానికా, పెళ్లికి ఇవ్వడానికా, లేక చైనా చరిత్ర మీద ఇష్టంతోనా? మెడలో వేసుకునేదానికి గట్టి రాయి కావాలి. షోకేస్‌కి సైజు కావాలి. చరిత్ర ఇష్టమున్నవాళ్లకి డ్రాగన్ రూపం సరిగ్గా ఉండాలి. ఈ మూడూ ఒకే వస్తువులో, అందుబాటు ధరలో దొరకడం కష్టం. దేన్ని వదులుకోగలరో ఇంట్లోనే అనుకుని బయల్దేరితే కొట్టులో టెన్షన్ ఉండదు.

ఆ తర్వాత చూడాల్సినవి మూడు. రాయి ఏది, దానికి రంగులూ రసాయనాలూ ఏమైనా పట్టించారా? చెక్కింది మనిషి చెయ్యా, అచ్చు మెషీనా? డ్రాగన్ ఏ కాలం పోలికలో ఉంది?

‘ఎంత పాతది’ అన్న ప్రశ్న నా లిస్టులో లేదు. 1911కి ముందు నాటి విలువైన కళాఖండాల్ని దేశం దాటించడానికి చైనా చట్టం ఒప్పుకోదు. అంటే ఆ పాత లాకెట్ నిజంగా పాతదే అయితే మీరు ఎయిర్‌పోర్ట్‌లో చిక్కుల్లో పడతారు. కాకపోతే మోసపోయినట్టు. రెండు విధాలా నష్టమే.

అసలైన రాచ వస్తువులు చేతులు మారేది పెద్ద వేలంపాటల్లో. 2021 ఏప్రిల్‌లో హాంకాంగ్ సాదబీస్ వేలంలో 18వ శతాబ్దపు చింగ్ వంశ చక్రవర్తి చియెన్‌లాంగ్ తెల్ల జేడ్ ముద్ర ఒకటి 14.5 కోట్ల హాంకాంగ్ డాలర్లు దాటింది. అంతకు ముందు, 2016 డిసెంబర్‌లో, పారిస్‌లో ఆయనదే ఇంకో ముద్ర 2.1 కోట్ల యూరోలు పలికింది. దాని మీద తొమ్మిది డ్రాగన్లున్నాయి. తమాషా ఏమిటంటే అది జేడే కాదు, మెత్తటి సబ్బురాయి. రాజు చేతిలో తిరిగిందంటే రాయి ఏదైనా కోట్లే. అక్కడ జనం కొన్నది చక్రవర్తిని. ట్రేలో ఉన్న లాకెట్‌లో చక్రవర్తి ఉండడు, రాయీ పనీ మాత్రమే ఉంటాయి.

రాళ్లు: మూడింటిలో ఏది

జేడ్ పేరుతో ముఖ్యంగా మూడు రాళ్లు అమ్ముతారు. వాటిలో నెఫ్రైట్, జేడైట్ అనే రెండే అసలు జేడ్. చూడ్డానికి దగ్గరదగ్గరగా ఉన్నా ఈ రెండూ వేర్వేరు ఖనిజాలని 1863లో దామూర్ అనే ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త తేల్చాడు. మూడోది సర్పెంటైన్.

| చూడాల్సింది | నెఫ్రైట్ | జేడైట్ | సర్పెంటైన్ |
|---|---|---|---|
| ఎక్కడిది | హోతాన్, చింగ్‌హాయ్ (రెండూ చైనాలోవి), రష్యా, కొరియా | బర్మాలోని కచిన్ ప్రాంతం | లియావోనింగ్‌లోని షియూయాన్ |
| గట్టిదనం (మోస్ స్కేలు) | 6–6.5 | 6.5–7 | 2.5–5.5 |
| సాంద్రత | సుమారు 2.95 | సుమారు 3.33 | సుమారు 2.6 |
| కిందపడితే | చాలావరకు తట్టుకుంటుంది | బాగానే తట్టుకుంటుంది | అంచులు లేచిపోతాయి |
| మెరుపు | నూనె రాసినట్టు మెత్తగా | గాజులా తళతళ | మైనంలా |
| మోసం జరిగే చోటు | ఊరి పేరు, పైతోలు రంగు | రసాయనం, రంగు | దీన్నే నెఫ్రైట్ అని అమ్మడం |

చైనా రాచ జేడ్ చరిత్రలో చాలా భాగం నెఫ్రైట్ చరిత్రే. మేలు రకం షిన్‌జియాంగ్‌లో హోతాన్ దగ్గర, కున్‌లున్ కొండల్లో పుడుతుంది. కొండ నుంచి విడిపడి యురుంగ్‌కాష్, కరాకాష్ నదుల్లో దొర్లి దొర్లి అరిగిన గులకరాళ్లకి గనిలో తవ్విన రాయి కన్నా విలువ ఎక్కువ. అందులోనూ గొర్రె కొవ్వు లాంటి తెలుపుకి ఎక్కువ గిరాకీ. 1759లో చియెన్‌లాంగ్ సైన్యాలు ఆ ప్రాంతాన్ని గెలిచాక రాయి కప్పంగా బీజింగ్‌కి రావడం మొదలైంది. ఆయన కాలంలో జేడ్ పని అంత విరివిగా సాగడానికి కారణం ఇదే. రాయి లోపల సన్నటి పీచుల్లాంటి స్ఫటికాలు గొంగళిలో ఉన్ని పోగుల్లా ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయి. అందుకే పల్చగా, చిల్లులు చిల్లులుగా చెక్కినా విరగదు. మీసాలూ కొమ్ములూ గోళ్లూ ఉండే డ్రాగన్‌కి ఇంతకన్నా తగిన రాయి లేదు.

జేడైట్ కథ వేరు. బర్మా నుంచి ఇది చైనాకి పెద్ద ఎత్తున చేరింది 18వ శతాబ్దంలోనే. తర్వాత 19వ శతాబ్దంలో చింగ్ వంశపు సిషీ రాజమాత మోజు వల్ల దీని దశ తిరిగింది. క్రోమియం వల్ల వచ్చే నిండు ఆకుపచ్చే దీని ఆకర్షణ. ఈ రాయిలో జనం రంగునీ లోపలికి వెలుగు దిగడాన్నీ చూస్తారు, చెక్కుడు పని రెండో మాట. నిజానికి మేలైన జేడైట్‌ని గాజులకీ ఉంగరాలకీ వాడేస్తారు. ఏ పగులో మచ్చో ఉంటే అక్కడో మేఘం, ఇక్కడో తోక పెట్టి దాన్ని కప్పేస్తారు. మచ్చ లేనిచోట పువ్వు చెక్కొద్దని జేడ్ పనివాళ్లలో ఒక మాటే ఉంది. కాబట్టి బోలెడంత చెక్కుడున్న జేడైట్ డ్రాగన్ చవగ్గా కనిపిస్తే మెలికల మధ్య ఏముందో టార్చ్ వేసి చూడండి.

జేడైట్‌లో ఇంకో తలనొప్పి గ్రేడ్లు, ఇంగ్లిష్ అక్షరాల్లో ఏ, బి, సి. ఏ అంటే మైనం మెరుగు తప్ప ఇంకేమీ పట్టించని రాయి. బి అంటే యాసిడ్‌తో కడిగి లోపలి ఖాళీల్లో ప్లాస్టిక్ లాంటి పదార్థం నింపింది. సి అంటే రంగు వేసింది. ఏ గ్రేడ్ అంటే ‘అన్నిటికంటే మంచిది’ అనుకుంటారు చాలామంది. కాదు, రసాయనం పట్టించనిది అని మాత్రమే. ఏ గ్రేడ్‌లో నాసిరకం రాయి ఎంతైనా ఉంటుంది. బి గ్రేడ్ కొన్నాళ్లు ధగధగలాడి, తర్వాత పసుపుబారి జీవం పోతుంది. పరారుణ కిరణాలతో పరీక్షించే ల్యాబ్ మాత్రమే దీన్ని ఖాయంగా చెప్పగలదు. కంటికి, గోటికి, నీటి బొట్టుకి ఇది దొరకదు.

సర్పెంటైన్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. మెత్తన, చవక, పెద్ద పెద్ద ముక్కలు దొరుకుతాయి. అడుగు పొడుగు డ్రాగన్ ఓడ చూసి మనసు పారేసుకున్నారంటే అది చాలావరకు ఇదే అయి ఉంటుంది. షోకేస్‌కి నిక్షేపంలా ఉంటుంది, నెఫ్రైట్ ధర మాత్రం ఇవ్వకండి. ఈ మూడూ కాకుండా రంగేసిన క్వార్ట్జ్, గాజు ముక్కలు కూడా ట్రేలో కలిసిపోయి ఉంటాయి.

ఇక సర్టిఫికెట్. చైనాలో లాకెట్‌తో పాటు చిన్న కార్డు ఇస్తారు. దాని మీద ‘హోతాన్ జేడ్’ అని ఉంటుంది. ఆ దేశపు ప్రమాణాల్లో ఆ పేరు రాయి జాతికే తప్ప ఊరికి కాదు. రష్యా రాయికీ, కొరియా రాయికీ, చింగ్‌హాయ్ రాయికీ అదే పేరుతో కార్డు వస్తుంది, అది చట్టబద్ధమే. కార్డు చూపించి ‘నది గులకరాయి’ ధర అడిగితే ఒప్పుకోవద్దు. చింగ్‌హాయ్ రాయి కూడా తీసిపారేసేది కాదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్ పతకాల వెనక పొదిగింది దాన్నే. అభినవ్ బింద్రా స్వర్ణ పతకంలో ఉన్న తెల్లటి రాతి వలయం అదే. ఆ పతకం కొక్కేన్ని కూడా జంట డ్రాగన్ల పాత జేడ్ ఆభరణం పోలికలో చేశారు.

కొన్నాక ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది. బంగారం తూచే చిన్న డిజిటల్ త్రాసు మీద ముందు లాకెట్ బరువు చూడండి. తర్వాత గ్లాసులో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. లాకెట్‌ని సన్నటి దారంతో నీళ్లలోకి దించండి, అడుగుకీ పక్కలకీ తగలకూడదు. ఇప్పుడు త్రాసు చూపించే అంకెతో మొదటి బరువుని భాగించండి. లాకెట్ 59 గ్రాములుండి నీళ్లలో 20 చూపిస్తే 2.95, అంటే నెఫ్రైట్‌కి సరిపోయింది. 2.6 దగ్గర ఆగితే సర్పెంటైనో క్వార్ట్జో. 3.3 వస్తే జేడైట్ అనుకోవచ్చు, కానీ దాని గ్రేడేంటో ఈ లెక్క చెప్పదు. వెండి కొక్కెం ఉంటే తీసేసి తూచాలి. రాయిని కత్తితో గీకి చూడమని కొందరు సలహా ఇస్తారు. అమ్మేవాడి ముందు ఆ పని చేస్తే గొడవే, ఇంట్లో చేస్తే మీ వస్తువే పాడవుతుంది.

డ్రాగన్లు: ఏ రూపం ఎవరిది

సినిమాల్లో నిప్పులు కక్కే డ్రాగన్‌ని కాసేపు పక్కన పెట్టండి. చైనా డ్రాగన్ వానదేవుడు. మేఘాల్లో తిరుగుతుంది, నదుల్లో ఉంటుంది, పంటలకి నీళ్లిస్తుంది. మన ఊళ్లలో పుట్టకి పాలు పోసే నాగదేవతకి దగ్గర బంధువు. వాన చేతిలో ఉన్నవాడే రాజ్యానికి పెద్ద అన్న లెక్కలోనే డ్రాగన్ చక్రవర్తి గుర్తు అయింది. అయితే జేడ్‌లో డ్రాగన్ చక్రవర్తుల కంటే వేల ఏళ్ల పాతది. మార్కెట్లో కనిపించేవి ముఖ్యంగా నాలుగు రూపాలు.

*గుండ్రంగా వంగిన హాంగ్‌షాన్ డ్రాగన్.* హాంగ్‌షాన్ అంటే ఈశాన్య చైనాలోని రాతియుగపు సంస్కృతి. కాళ్లు లేవు, పొలుసులు లేవు. ఇంగ్లిష్ సి అక్షరంలా వంగిన ఒళ్లు, పంది మూతి, వెనక్కి ఎగిరే జూలు. 1971లో ఇన్నర్ మంగోలియాలోని సాన్‌షింగ్‌తాలాలో దొరికిన ముదురాకుపచ్చ డ్రాగన్ ఎత్తు 26 సెంటీమీటర్లు. వయసు 5 వేల ఏళ్ల పైమాటే. ఈ రోజుల్లో చేసినట్టే ఉంటుంది దాని గీత. చిన్న లాకెట్‌గా దీనికి మించింది లేదు. చెక్కుడు తక్కువ కాబట్టి రాయి లోపాన్ని దాచుకోలేదు, బట్టలకి చిక్కుకోదు, మగవాళ్లకీ ఆడవాళ్లకీ బాగుంటుంది. ‘తవ్వకాల్లో బయటపడింది’ అని మట్టి పూసి అమ్మే వస్తువుల్లోనూ ఈ రూపమే ముందుంటుంది, జాగ్రత్త.

*అంచులు తెగిన చదును డ్రాగన్.* చిన్న రాజ్యాలు కొట్లాడుకున్న కాలంలో, తర్వాత హాన్ వంశపు కాలంలో (క్రీ.పూ. 206–క్రీ.శ. 220) పెద్దమనుషులు నడుముకి వేలాడదీసుకున్న బిళ్లలివి. ఒళ్లు ఎస్ ఆకారంలో మెలి తిరిగి, మధ్యలో ఖాళీలు కోసి, మీద చిన్న చిన్న గింజల్లాంటి బుడిపెలతో ఉంటుంది. హుబేలో జెంగ్ రాజ్యపు యీ ప్రభువు సమాధిలో దొరికిన మాల చూస్తే మతిపోతుంది. క్రీ.పూ. 5వ శతాబ్దంలోనే 16 భాగాలు ఒకదానికొకటి కొక్కేల్లా కదిలేలా చెక్కారు. గ్వాంగ్‌జౌలో 1983లో బయటపడ్డ నాన్‌యుయే రాజు సమాధిలో ఇంకోటి ఉంది. లోపలి వలయంలో డ్రాగన్, దాని పంజా వలయం దాటి బయటికి వస్తుంది. ఆ పంజా మీద ఫీనిక్స్ పక్షి నిలబడి, తల తిప్పి డ్రాగన్‌ని చూస్తుంది. ఈ శైలి చూడ్డానికి సున్నితం, వేసుకోవడానికి కాస్త ఇబ్బంది. నెఫ్రైట్‌లో తప్ప కొనకండి. ఇంకే రాయిలో చేసినా ఆ సన్నటి తోకలు నిలవవు.

*కొమ్ములు లేని చీ డ్రాగన్.* నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇది. పిల్లి మొహం, బల్లి ఒళ్లు, చివర చీలిన తోక, ఏదో ఒకదాని మీదికి పాకుతూ ఉంటుంది. హాన్ కాలం నుంచి చింగ్ కాలం (1644–1911) దాకా వన్నె తగ్గలేదు. దీనికి అందమైన రూపం నడుం పట్టీ కొక్కెం. ఒక చివర పెద్ద డ్రాగన్ తల వెనక్కి తిరిగి ఉంటుంది. కాడ మీద బుల్లి చీ డ్రాగన్ పైకి పాకుతూ తలెత్తి పెద్దదాని కళ్లలోకి చూస్తుంది. తండ్రి కొడుక్కి బుద్ధులు చెబుతున్నాడని దీనికి అర్థం. రెండు ముక్కులకీ మధ్య వేలెడు ఖాళీ కూడా ఉండదు, అయినా ఆ చూపులో మాట వినపడుతుంది. రాజసం, అధికారం అనే గోల లేకుండా ఇంట్లో పెట్టుకోగల డ్రాగన్ ఇది.

*ఐదు గోళ్ల రాచ డ్రాగన్.* కొమ్ములు, మీసాలు, పొలుసులు, మేఘాలు, ఎదురుగా నిప్పు ముత్యం. మింగ్, చింగ్ చక్రవర్తుల ముద్ర. వాళ్లకి ముందు, 14వ శతాబ్దపు యువాన్ (మంగోలు వంశం) పాలనలోనే ఐదు గోళ్లు, రెండు కొమ్ములున్న డ్రాగన్‌ని మామూలు జనం వాడకూడదని ఆంక్ష వచ్చింది. తర్వాతి కాలాల్లో నాలుగు గోళ్లది కింది వరస రాకుమారులకీ అధికారులకీ చెందింది. కొట్టులో గోళ్లు లెక్కపెట్టి ‘ఐదున్నాయి, అంటే రాజుదే’ అంటారు. ఇప్పుడు ఏ ఆంక్షా లేదు, ఎవరైనా ఐదు చెక్కొచ్చు. ఒక పాదానికి ఐదు, ఇంకో పాదానికి నాలుగు ఉన్నాయేమో చూడండి, హడావిడి పనిలో అదీ జరుగుతుంది. లాకెట్ సైజులో ఈ రూపం ఇరుకైపోతుంది. ముద్ర పిడిగానో, చిన్న తెరలానో పెద్దగా చేస్తేనే దీని దర్జా తెలుస్తుంది.

డ్రాగన్, ఫీనిక్స్ జంట గురించి ఒక్క మాట. చక్రవర్తి, మహారాణి గుర్తు కాబట్టి పెళ్లి కానుకగా అందరికీ తెలిసినదే. పైన చెప్పిన ఏ శైలిలోనైనా దొరుకుతుంది.

పనితనం కనిపెట్టడం

జేడ్‌ని ఉలితో చెక్కరు, చెక్కలేరు. ఇసుకతో అరగదీస్తారు. పాతకాలంలో కాళ్లతో తొక్కే చట్రానికి ఇనుప చక్రం బిగించి, తడి ఇసుక పోస్తూ, రాయిని దానికి ఆనించి రోజులు, నెలలు అలా నిలబెట్టేవారు. కోసేది చక్రం కాదు, గార్నెట్, కురువిందం లాంటి గట్టి ఇసుక. చిల్లులకి విల్లు లాంటి బద్ద, సన్నటి కోతలకి తీగ. బీజింగ్ కోటలో (ఫర్బిడెన్ సిటీ) చక్రవర్తికి సొంత జేడ్ కార్ఖానా ఉండేది. పనివాళ్లు మాత్రం ఎక్కువగా సూజౌ నుంచి వచ్చేవారు. 16వ శతాబ్దంలో ఆ ఊరి లు జిగాంగ్ ఎంత పేరు పొందాడంటే, ఆయన పేరు చెక్కిన బిళ్లలు ఆయన పోయాక కూడా వందల ఏళ్లు పుడుతూనే ఉన్నాయి. ఈ రోజుకీ పుడుతున్నాయి. ఆ పేరు కనిపిస్తే ధర పెంచకండి.

ఇప్పుడు కరెంటు మెషీన్లు, వజ్రపు పొడి అద్దిన డ్రిల్లు మొనలు వచ్చాయి. చేత్తో పట్టుకుని చేసేది ఇప్పటికీ చేతిపనే, దానికి తప్పు పట్టనక్కర్లేదు. సమస్య అల్ట్రాసోనిక్ అచ్చుతో. డ్రాగన్ ఆకారపు స్టీలు అచ్చుని రాయి మీద పెట్టి కంపనాలతో దించేస్తారు. ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. అచ్చుపనిలో బొమ్మ నిటారుగా పైకి లేచి ఉంటుందే తప్ప, డ్రాగన్ పొట్ట కింద ఖాళీ ఉండదు. అచ్చు పైకి రావాలి కాబట్టి అలా కుదరదు. బొమ్మ వెనక నేలంతా ఒకే రకం సన్నటి గరుకు. పక్కన అదే డ్రాగన్ ఇంకో పది ఉంటాయి, మీసం మెలికతో సహా. చేతిపనిలో చీ డ్రాగన్ పొట్ట కిందికి దారం దూరుతుంది. కళ్లు రెండూ ఒకేలా ఉండవు, కానీ రెండూ ఎటో ఒకవైపు చూస్తుంటాయి. నన్నడిగితే ముందు చూపు చూస్తాను. చూపు లేని డ్రాగన్‌కి ఎన్ని పొలుసులుంటే ఏం.

పొలుసులంటే గుర్తొచ్చింది. ఎక్కువ చెక్కితే ఎక్కువ విలువ అనుకోవడం పొరపాటు. సాక్షాత్తూ చియెన్‌లాంగే దీని మీద విసుక్కున్నాడు. దక్షిణాది కార్ఖానాల్లో అమ్మకాల కోసం రాయిని తూట్లు తూట్లు చేసి పాడుచేస్తున్నారని, ఇది జేడ్‌కి పట్టిన పీడ అని రాశాడు.

పైతోలు సంగతి కూడా చూడాలి. నది గులకరాళ్లకి పైన గోధుమ రంగు తోలు ఉంటుంది. తెలివైన పనివాడు ఆ తోలులోనే డ్రాగన్‌ని తీసి, లోపలి తెలుపుని మేఘంగా వదిలేస్తాడు. అలాంటిది ఖరీదైనది, అందుకే తెల్ల రాయికి రంగు పూసి తోలు అంటారు. రంగైతే గుంటల్లో, పగుళ్లలో చేరి ముద్దగా ఉంటుంది. అసలు తోలు లోపలికి పోయే కొద్దీ పల్చబడుతుంది.

ఎవరికి ఏది

రోజూ వేసుకునేవాళ్లకి నా సలహా చింగ్‌హాయ్ లేదా రష్యా నెఫ్రైట్‌లో హాంగ్‌షాన్ డ్రాగన్. ఊరి పేరు కోసం అదనంగా ఇవ్వక్కర్లేదు, రూపం సరళం కాబట్టి పనికీ ఎక్కువ పడదు. దారం మాత్రం ఏడాదికోసారి మార్చండి. పగిలిపోయే జేడ్‌లలో చాలావాటికి కారణం రాయి కాదు, తెగిన దారం.

పిల్లవాడి కోసం కొనే తల్లిదండ్రులకి తండ్రీకొడుకుల చీ డ్రాగన్ కొక్కెం. చిన్నప్పుడు షోకేస్‌లో ఉంటుంది, పెద్దయ్యాక కథ చెప్పి ఇవ్వొచ్చు. పసిపిల్లల మెడలో ఏ రాయీ వద్దు, దారం ప్రమాదం.

పెళ్లి కానుకకి డ్రాగన్, ఫీనిక్స్ జంట బిళ్ల. ఆకుపచ్చ కావాల్సిందే అని పట్టుబడితే జేడైట్, ఏ గ్రేడ్, ల్యాబ్ కాగితంతో. బడ్జెట్ సరిపోకపోతే బి గ్రేడ్‌కి దిగొద్దు, లేత రంగు ఏ గ్రేడ్‌కి దిగండి. కొత్త దంపతుల దగ్గర నాలుగేళ్లకి పసుపుబారే కానుక ఎందుకు?

హాల్లో ఘనంగా కనిపించాలంటే సర్పెంటైన్‌లో పెద్ద డ్రాగన్, సర్పెంటైన్ ధరకే. ఎండ తగలని చోట పెట్టండి, నిమ్మరసం, టాయిలెట్ క్లీనర్ లాంటి వాటితో తుడవకండి.

పెట్టుబడిగా కొందామనుకునేవాళ్లకి: వద్దు. తిరిగి అమ్మడానికి మన దగ్గర మార్కెట్ లేదు. చైనాలో బయటివాళ్ల దగ్గర కొనేవాళ్లు అరుదు. బుధ గ్రహానికి పచ్చ బదులు జేడ్ పెట్టుకోమన్నారని కొనేవాళ్లకి కూడా డ్రాగన్ అక్కర్లేదు, సాదా రాయి చాలు, చవక కూడా.

చరిత్ర మీద ఇష్టమున్నవాళ్లకి నా సలహా వేరేలా ఉంటుంది. కొనడానికి పెట్టే డబ్బుతో ముందు చూసి రండి. గ్వాంగ్‌జౌ వెళ్లేవాళ్లు జేడ్ వీధికన్నా ముందు నాన్‌యుయే రాజు మ్యూజియంకి వెళ్లాలి. ఆ డ్రాగన్ వలయంతో పాటు 2,291 జేడ్ పలకలతో కుట్టిన రాజు శవవస్త్రం కూడా అక్కడే ఉంది. బీజింగ్‌లో బేహాయ్ పార్కు దగ్గర వృత్తకోటలో కుబ్లాయ్ ఖాన్ 1265లో చేయించిన జేడ్ తొట్టి ఉంది, బరువు మూడున్నర టన్నులు. అలల మధ్య డ్రాగన్లు, సముద్ర జీవాలు చుట్టూ తిరుగుతుంటాయి. మధ్యలో ఎవరికీ పట్టక ఒక తావో గుడిలో ఊరగాయ జాడీగా వాడుకున్నారు. చియెన్‌లాంగ్ దాన్ని తిరిగి తెప్పించాడు. బీజింగ్ కోటలోనే ఆయన 1746లో ఎంపిక చేసిన 25 రాజ్య ముద్రలు ఉన్నాయి, వాటిలో ఎక్కువ జేడ్‌వే. తైపీ మ్యూజియం కూడా గొప్పదే, కాకపోతే జనమంతా జేడైట్‌లో చెక్కిన క్యాబేజీ ముందే గుమిగూడతారు.

అంత దూరం వెళ్లలేనివాళ్లకి హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం జేడ్ గ్యాలరీ ఉంది. అక్కడ డ్రాగన్లు చూడాలని కాదు. జహంగీర్, నూర్జహాన్‌ల పేరున ఉన్న జేడ్ కత్తులు, మొఘల్ పనివాళ్లు అదే నెఫ్రైట్‌లో చేసిన పల్చటి పని ఉంటాయి. ఇలాంటి హిందుస్థానీ జేడ్ పాత్రలు చియెన్‌లాంగ్ ఆస్థానానికి చేరినప్పుడు వాటి పల్చదనం చూసి ఆయన ముగ్ధుడై కవితలు రాశాడు, కొన్నిటి మీద ఆ కవితల్ని చెక్కించాడు కూడా. మంచి నెఫ్రైట్ మెరుపు ఎలా ఉంటుందో అక్కడ ఒక గంట చూసి వెళ్తే, కొట్టు ట్రేలోని గాజు తళతళకి కన్ను మోసపోదు.

ఏదీ తేలకపోతే చిన్న సైజు నెఫ్రైట్ చీ డ్రాగన్ తీసుకోండి, తెలుపు కాకపోయినా లేత బూడిద ఆకుపచ్చలో. రంగు తగ్గితే ధర బాగా తగ్గుతుంది, పని మాత్రం అదే. డబ్బు చేతిలో పెట్టే ముందు బిల్లు మీద ‘జేడ్’ అని కాకుండా ‘నెఫ్రైట్’ అనో ‘జేడైట్, ఏ గ్రేడ్’ అనో రాయించుకోండి. ల్యాబ్ కాదంటే వెనక్కి తీసుకుంటామని కూడా దాని మీదే రాయమనండి. మొహమాటపడక్కర్లేదు, నిఖార్సయిన వ్యాపారి అడిగిన వెంటనే రాసిస్తాడు. రాయనంటే పక్క కొట్టుకి వెళ్లండి.